మా పెద్దమ్మ విశ్వాసం చాలక చనిపోలేదు

పెద్దమ్మ ఆదరణ కూడిక రోజు ఇంటి ముందు షామియానా వేశారు. ముందు వరసలో పెదనాన్న, ఆయన పక్కన అక్క. వాక్యం చెప్పడానికి పట్నం నుంచి వచ్చినాయన మైకు అందుకుని, అమ్మగారు మంచి ప్రార్థనాపరురాలే గాని చివర్లో సందేహానికి చోటిచ్చారనీ, పూర్తిగా నమ్మి నిలబడి ఉంటే ఈ రోజు మన మధ్యే ఉండేవారనీ అన్నాడు. వెనక వరసల్లో కొందరు ఆమేన్ అన్నారు. అక్క తల ఎత్తలేదు. అమ్మను మొదట ఆస్పత్రికి తీసుకెళ్ళింది తనే. ఆ సందేహం ఎవరిదో, ఎవరి వల్ల ఆ ఇంటి దీపం ఆరిపోయిందో మైకులో ఊరంతా విన్నది.

ఆ మాట అన్నాయన దుర్మార్గుడని నేననను. తను నేర్చుకున్నదే చెప్పాడు. మన సంఘాల్లో ఇప్పుడు ఇది వాడుక మాట అయిపోయింది. జబ్బు నయం కాకపోతే విశ్వాసం చాల్లేదు. పిల్లలు పుట్టకపోతే విశ్వాసం చాల్లేదు. అప్పులు తీరకపోయినా, కొడుక్కి ఉద్యోగం రాకపోయినా అదే మాట. ఇదేమిటయ్యా అని ఎవరైనా నోరు విప్పితే రెండో మాట సిద్ధంగా ఉంటుంది: దేవుణ్ణి ప్రశ్నించకూడదు, ప్రశ్న సాతాను దగ్గర్నుంచి వస్తుంది. ఈ రెండూ తప్పని చెప్పడానికే ఇది రాస్తున్నాను. సంఘం బయట నిలబడి రాళ్ళు వేసేవాణ్ణి కాను. ఆదివారం పూట అదే మందిరంలో, అదే చాప మీద కూర్చుని పాట అందుకునేవాణ్ణి. నా ప్రార్థనకు జవాబు వచ్చిన రోజులూ ఉన్నాయి. అందుకే ఈ బోధను చూస్తూ ఊరుకోలేకపోతున్నాను.

అసలు ఏం జరిగిందో చెప్పాలి. పెద్దమ్మకు ఎడమ రొమ్ములో చింతగింజంత గడ్డ తగిలింది. డాక్టరు పరీక్షలు చేయించి, ముందు కీమో, తర్వాత ఆపరేషన్ అన్నాడు. రెండు విడతలు కీమో అయ్యేసరికి జుట్టంతా ఊడింది, అన్నం చూస్తే వాంతి వచ్చేది. అప్పుడే ఎవరో స్వస్థత కూటాలకు తీసుకెళ్ళారు. తల మీద చేతులుంచి ప్రార్థన చేసి, నొప్పి ఉందా తల్లీ అని అడిగారట. వేల మంది ఎదురుగా, పాట హోరెత్తుతుంటే, లేదు అంది. అబద్ధం కాదు, ఆ క్షణాన నొప్పి తెలిసి ఉండదు. వెంటనే సాక్ష్యం చెప్పించారు. కెమెరా తీసింది.

ఆ సాక్ష్యమే ఆమెకు సంకెల అయింది. దేవుడు బాగుచేశాడని అంతమంది ముందు చెప్పాక మళ్ళీ కీమోకి వెళ్తే దేవుణ్ణి అబద్ధికుణ్ణి చేసినట్టేనని భయపడింది. అక్క కాళ్ళు పట్టుకుని బతిమాలినా కదల్లేదు. గడ్డ పెరిగింది, పుండయింది. పలకరించడానికి వచ్చినవాళ్ళతో ప్రభువు కృప వల్ల బాగున్నానండి అనేది. నొప్పి మాత్రల షీటు మాత్రం బైబిల్ జిప్పు కవరులో దాచుకునేది. అది కనబడితే సందేహించినట్టు కదా. రాత్రి అందరూ పడుకున్నాక, చీకట్లో జిప్పు చప్పుడు కాకుండా లాగేదని అక్క చెప్పింది. యాభై ఏళ్ళు ప్రభువును ప్రేమించిన మనిషికి, ఆ ప్రభువుకు కనబడకుండా మాత్ర మింగాల్సిన గతి పట్టించింది ఈ బోధ.

ఇక లేఖనాల దగ్గరికి వద్దాం. వాళ్ళు నిలబడేది అక్కడే కాబట్టి వాదించాల్సిందీ అక్కడే.

యాకోబు పత్రిక అయిదో అధ్యాయం వీళ్ళకు కంఠపాఠం. రోగి సంఘ పెద్దల్ని పిలిపించుకోవాలి, వాళ్ళు నూనె రాసి ప్రార్థించాలి, విశ్వాసంతో చేసిన ప్రార్థన ఆ రోగిని లేపుతుంది. ఇంతవరకూ బాగానే ఉంది. ఇప్పుడు ఆ అధ్యాయాన్ని తీరిగ్గా, వేలు పెట్టి చదవండి. అక్కడ ప్రార్థించేది ఎవరు? పెద్దలు. రోగి చేసే పని ఒక్కటే, కబురు పంపడం. ఆ ప్రార్థనలో విశ్వాసం తక్కువైందని ఎవరినైనా అడగాలనుకుంటే ముందు అడగాల్సింది నూనె సీసా పట్టుకున్న చేతిని. మంచం మీద పడుకున్న మనిషిని కాదు. ఆ వాక్యాన్ని తిరగేసి, తాము మోయాల్సిన బరువును రోగి గుండెల మీద పెడుతున్నారు.

ఆవగింజంత విశ్వాసం మాట ఇంకొకటి. మత్తయి పదిహేడో అధ్యాయం. మూర్ఛతో నిప్పుల్లో, నీళ్ళలో పడిపోయే కొడుకును తండ్రి శిష్యుల దగ్గరికి తెచ్చాడు, వాళ్ళ వల్ల కాలేదు. తర్వాత యేసు బాగుచేశాడు. మావల్ల ఎందుకు కాలేదని శిష్యులు చాటుగా అడిగితే, మీ అల్పవిశ్వాసం వల్లనే అన్నాడు. మీ, అంటే బాగుచెయ్యబోయిన శిష్యులది. ఆ పిల్లవాడిని అన్లేదు. తండ్రి సంగతి మార్కు ఇంకా వివరంగా రాశాడు: నమ్ముతున్నాను, నా అపనమ్మకానికి కూడా సాయం చెయ్యమని ఆయన ఏడుస్తూ ఒప్పుకున్నాడు. సగం నమ్మకం, సగం భయం. ఆ సగంతోనే కొడుకు ఇంటికి బాగై వెళ్ళాడు.

నాలుగు సువార్తలూ వెతకండి. అల్పవిశ్వాసులారా అన్న మందలింపు పడవలో కేకలు వేసిన శిష్యులకు తగిలింది, నీళ్ళ మీద నడుస్తూ మునిగిపోబోయిన పేతురుకు తగిలింది, తిండికీ బట్టకీ బెంగపడేవాళ్ళకు తగిలింది. జబ్బుతో వచ్చిన ఒక్క మనిషినైనా నీకు విశ్వాసం చాల్లేదు పొమ్మని యేసు తిప్పి పంపలేదు. నీ విశ్వాసం నిన్ను బాగుచేసిందని చెప్పి పంపినవాళ్ళు ఉన్నారు, నిజమే. అది బాగైనవాళ్ళను మెచ్చుకున్న మాట. దాన్ని తలకిందులు చేసి బాగుకానివాళ్ళను కొట్టే కర్రగా మార్చే హక్కు ఎవరిచ్చారు? కపెర్నహూములో ఇంటి కప్పు విప్పి పక్షవాయువు రోగిని కిందికి దించినప్పుడు యేసు చూసింది మోసుకొచ్చిన నలుగురి విశ్వాసాన్ని అని రాసి ఉంది. బేతెస్ద కోనేటి దగ్గర 38 ఏళ్ళుగా పడి ఉన్నవాడికైతే తనను లేపిందెవరో కూడా తెలీదు. ఎవరు బాగుచేశారని అడిగితే చెప్పలేకపోయాడు.

నజరేతు మాటేమిటి, అక్కడ అవిశ్వాసం వల్ల అద్భుతాలు చెయ్యలేకపోయాడు కదా అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అయితే మార్కు ఆ వాక్యాన్ని అక్కడితో ఆపలేదు. కొద్దిమంది రోగుల మీద చేతులుంచి బాగుచేశాడని కూడా రాశాడు. అవిశ్వాసం ఆయన్ను వడ్లవాడని ఎగతాళి చేసిన ఊరిది. ఆ ఊళ్ళో కూడా తన దగ్గరికొచ్చిన జబ్బు మనుషులను ఆయన వదిలిపెట్టలేదు.

పౌలును చూడండి. ఆయన శరీరంలో ముల్లు ఉంది, తీసెయ్యమని మూడుసార్లు వేడుకున్నాడు. తీసెయ్యలేదు, కృప చాలునన్న జవాబు వచ్చింది. త్రోఫిము జబ్బుపడితే మిలేతులో వదిలి వెళ్ళాల్సివచ్చిందని తిమోతికి రాశాడు. ఆ తిమోతికి మాటిమాటికీ కడుపులో బాగుండదు. నిలబడి విశ్వాసంతో గద్దించు అని పౌలు అన్లేదు. నీళ్ళే తాగక కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమన్నాడు. ఆ కాలానికి అది వైద్యం. ఆయన వెంట తిరిగిన లూకా వైద్యుడు, ప్రియమైన వైద్యుడని పౌలే పిలుచుకున్నాడు. హిజ్కియా రాజుకు మరో 15 ఏళ్ళు ఆయుష్షు ఇస్తానని దేవుడే మాట ఇచ్చాడు. మాట వచ్చాక కూడా యెషయా అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద కట్టించాడు. దేవుడి వాగ్దానం, మందు కట్టు రెండూ ఒకే గదిలో, ఒకే రోజు. పెద్దమ్మకు ఈ కథ ఎవరూ చెప్పలేదు.

మరి ఆయన పొందిన దెబ్బల చేత స్వస్థత అన్న యెషయా ప్రవచనం? దానికి ముందున్న మాటను మత్తయి రోగాలకు చెప్పాడు, ఈ దెబ్బల మాటను పేతురు పాపం నుంచి విడుదలకు చెప్పాడు. రెండూ ఉన్నాయి, నేను ఒకదాన్ని దాచను. అయితే ఆ స్వస్థత మొత్తం ఇప్పుడే, ఈ శరీరంలోనే, అడిగినవాళ్ళందరికీ అని ఎక్కడా రాయలేదు. రోమా పత్రికలో పౌలు మన దేహాల విమోచన కోసం ఇంకా మూలుగుతూ ఎదురుచూస్తున్నామన్నాడు. సమాధిలోంచి లేచివచ్చిన లాజరు కూడా మళ్ళీ ఒకనాడు చనిపోవాల్సినవాడే.

సాక్ష్యాల సంగతి అడుగుతారు. బాగైనవాళ్ళు లేరా అంటే ఉన్నారు. నేను ఎరిగినవాళ్ళే ఉన్నారు. దేవుడు బాగుచేయడని నేను అనను, అంటే నా సొంత జీవితాన్నే కాదన్నట్టు. నా బాధ మైకు గురించి. బాగైన పదిమందికి మైకు దొరుకుతుంది. అదే వరసలో నిలబడి, అదే నూనె రాయించుకుని, అదే పాట పాడి ఇంటికెళ్ళాక చనిపోయిన మనిషికి దొరకదు. ఆ మనిషి తరఫున మాట్లాడటానికి మళ్ళీ వచ్చే మైకు ఆదరణ కూడికలోనే. అక్కడ ఏం మాట్లాడారో ముందే చెప్పాను.

ఈ బోధ మన తాతలనాటిదని చాలామంది అనుకుంటున్నారు. కాదు. అమెరికాలో ఇ. డబ్ల్యు. కెన్యన్ పుస్తకాల్లో మొలకెత్తి, కెన్నెత్ హేగిన్ చేతిలో పెరిగి, ఆయన 1974లో టల్సాలో పెట్టిన శిక్షణ కేంద్రం వంటి చోట్ల నుంచి లోకమంతా పాకింది. విదేశీ సరుకు కాబట్టి చెడ్డదని నా వాదన కాదు, మనకు సువార్త తెచ్చిందీ సముద్రం దాటి వచ్చినవాళ్ళే. ఆత్మను ఎరగని చదువరులే దీన్ని తప్పుపడతారన్న మాటా నిలవదు. దీన్ని ఒక జబ్బు అని పుస్తకం రాసిన గార్డన్ ఫీ స్వయంగా పెంతెకొస్తు సంఘపు మనిషి.

మన తాతలు ఏం చేశారో చెప్పనివ్వండి. 1876 నుంచి 78 దాకా ధాత కరువు. ఒంగోలులో మిషనరీ జాన్ క్లౌ ఉన్నాడు. కరువుకు విరుగుడు విశ్వాసమే, ప్రార్థిస్తే బియ్యం వస్తుందని ఆయన చెప్పలేదు. బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం పని కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్ళకు పార పలుగు ఇచ్చి కూలి ఇప్పించాడు. ఇంకో పని కూడా చేశాడు, నేను ఎక్కువగా తలచుకునేది అదే. బాప్తిస్మం ఇమ్మని జనం వచ్చి అడుగుతుంటే ఏడాదికి పైగా ఆపేశాడు. తిండి కోసం ఎవరూ ప్రభువు పేరు ఎత్తకూడదని. కరువు సాయం పంచడం ముగిశాకే, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఇచ్చింది తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులు మార్చుకుంటూ. ఆ ఏట్లో దిగినవాళ్ళలో మా పెద్దమ్మ తాతతండ్రి ఉన్నాడని మా ఇంట్లో చెప్పుకుంటారు. నమ్మితే ఇది దొరుకుతుందన్న బేరం లేకుండా నమ్మినవాళ్ళు వాళ్ళు. వాళ్ళ మునిమనవరాలికి ఈనాడు బేరం తప్ప ఇంకేమీ చెప్పడం లేదు.

ఆస్పత్రికి వెళ్ళడం అవిశ్వాసమైతే మన ముందుతరం విశ్వాసులంతా అవిశ్వాసులే. గుంటూరులో ఆనా కుగ్లర్ 1883లో దిగి ఆడవాళ్ళకు ఆస్పత్రి కట్టింది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో క్షయరోగులకు, నిజామాబాద్ పక్కన డిచ్‌పల్లిలో కుష్ఠురోగులకు 1915లోనే క్రైస్తవులు ఆస్పత్రులు తెరిచారు. డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ సూదితో తైలం ఎక్కిస్తూ, పుండ్లు కడుగుతూ బతికింది. చిత్తూరు దాటి వేలూరు ఆస్పత్రికి వెళ్ళే రైలెక్కండి, సగం పెట్టె మన తెలుగు రోగులే. ఆ ఆస్పత్రి మొదలుపెట్టిన ఐడా స్కడర్ రాత్రింబవళ్ళు ప్రార్థించిన మనిషి, రాత్రింబవళ్ళు వైద్యం చేసిన మనిషి. ఒకటి రెండోదానికి అడ్డమని ఆమెకు తోచలేదు.

ఒక్కసారి జబ్బుల్ని పక్కన పెట్టి ఇంకోటి ఆలోచించండి. 1985 జూలై 17న కారంచేడులో మాదిగపల్లె మీద పడి మనుషుల్ని చంపారు. ఆ పల్లెలో చాలా ఇళ్ళు క్రైస్తవ ఇళ్ళే. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని చీరాలకు పరుగెత్తిన ఆ తల్లులతో, మీ మగవాళ్ళకు విశ్వాసం చాలక పోయారని ఎవరైనా అనగలరా? అనలేరు. నాలుక రాదు. అనలేరంటే ఆ సూత్రం నిజం కాదని మనకు లోపల తెలుసు. పొలంలో గొడ్డలి దెబ్బకు పోయినవాడి విషయంలో అబద్ధమైన మాట, కణితితో పోయిన ఆడమనిషి విషయంలో ఎలా నిజమవుతుంది? పిలాతు గలిలయులను బలుల దగ్గరే చంపించాడన్న వార్త వచ్చినప్పుడు యేసే ఇది అడిగాడు. వాళ్ళు ఎక్కువ పాపులా? కాదన్నాడు. సిలోయములో గోపురం కూలి చచ్చిన ఆ 18 మంది కూడా కాదన్నాడు. పుట్టుగుడ్డివాణ్ణి చూపించి ఎవరి పాపమని శిష్యులు అడిగినప్పుడూ, వీడిదీ కాదు, కన్నవాళ్ళదీ కాదన్నాడు. మూడుసార్లు ఆయన మూసిన తలుపును మనం మళ్ళీ మళ్ళీ తెరుస్తున్నాం.

ఇక ప్రశ్నించకూడదన్న మాట. ప్రశ్నించకూడదంటే ముందు బైబిల్లో చాలా పేజీలు చింపెయ్యాలి. ఎంతకాలం మొరపెట్టాలి, వినవేమని హబక్కూకు నిలదీశాడు. నన్ను మోసగించావని యిర్మీయా దేవుడి ముఖం మీదే అన్నాడు. చెడ్డవాళ్ళు బలిసిపోతుంటే నేను చేతులు శుభ్రంగా ఉంచుకుని ఏం లాభమని ఆసాపు కుమిలిపోయాడు. కీర్తనల గ్రంథంలో దాదాపు మూడో వంతు ఇలాంటి ఏడుపులే. 88వ కీర్తన చీకట్లో మొదలై చీకట్లోనే ముగుస్తుంది, చివరికి ఒక్క ఆశ మాట కూడా ఉండదు. దాన్ని తీసెయ్యకుండా ఇన్ని వందల ఏళ్ళు గుడిలో పాడుకున్నారు. సిలువ మీద యేసు నోట వచ్చిన ప్రశ్న 22వ కీర్తనలోది: ఎందుకు విడిచిపెట్టావని. అది సాతాను అడిగించిన ప్రశ్నా?

యోబు గ్రంథం చివరిదాకా చదివేవాళ్ళు తక్కువ. పోగొట్టుకున్నవన్నీ రెండింతలు వచ్చాయన్నది ఒక్కటే చెబుతారు. దానికి కాస్త ముందే దేవుడు ఎలీఫజుతో, నీ మీదా నీ ఇద్దరు స్నేహితుల మీదా నాకు కోపం వచ్చింది, మీరు నా గురించి సరిగా మాట్లాడలేదు, నా సేవకుడు యోబు మాట్లాడాడు అని చెప్పాడు. ఆ స్నేహితులు ఏం తప్పు మాట్లాడారు? నువ్వేదో చేసి ఉంటావు, అందుకే ఇలా అయింది, సరిదిద్దుకో అన్నారు. మా షామియానా కింద వినిపించింది అదే ప్రసంగం. దేవుడు ఏ పక్షమో అక్కడ స్పష్టంగా రాసి ఉంది. తాను పుట్టిన రోజును శపించి, దేవుడి మీదే వ్యాజ్యం వేసినవాణ్ణి ఆయన సమర్థించాడు. తన తరఫున వకాల్తా పుచ్చుకున్నవాళ్ళను కోప్పడ్డాడు.

ప్రశ్నలకు చోటిస్తే బలహీనులు పడిపోతారని పెద్దలు భయపడతారు. ఆ భయం నిజాయితీ గలదే, దాన్ని నేను గౌరవిస్తాను. కానీ తోమాను చూడండి. తిరిగి లేచిన ప్రభువును చూస్తేగాని నమ్మనని తెగేసి చెప్పాడు. ఎనిమిది రోజుల తర్వాత యేసు మళ్ళీ వచ్చేసరికి తోమా ఎక్కడున్నాడు? అదే గదిలో, మిగతా శిష్యులతోనే ఉన్నాడు. వాళ్ళు అతన్ని బయటికి నెట్టలేదు. నువ్వు మా విశ్వాసాన్ని పాడుచేస్తున్నావని అన్లేదు. ఆ ఎనిమిది రోజులు వాళ్ళు అతనితో కలిసి భోంచేసి ఉంటారు. ఆ అనుమానించిన మనిషే మన మద్రాసు మైలాపూరు దాకా వచ్చి ప్రాణమిచ్చాడని మన పెద్దలు నమ్ముతూ వస్తున్నారు. మా అక్క కూతురు ఇంజినీరింగు చదువుతోంది. అమ్మమ్మ పోయాక మందిరానికి రావడం మానేసింది. అది పడిపోయింది ప్రశ్న అడిగినందుకు కాదు. అడిగిన ప్రతిసారీ ప్రార్థన చేసుకో అమ్మా అని తల నిమిరి పంపినందుకు.

యోబు స్నేహితులు ఒక్క పని సరిగా చేశారు. వచ్చిన కొత్తలో ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు నేల మీద అతని పక్కన మాట్లాడకుండా కూర్చున్నారు.

పెద్దమ్మ పోవడానికి మూడు రోజుల ముందు పాత సంఘం అయ్యగారు వచ్చారు. రిటైరై చాలా ఏళ్ళయింది, కంటిచూపు మందగించింది. టీవీఎస్ బండి మీద మనవడు తెచ్చి దించాడు. మంచం పక్కన స్టూలు వేశాం. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, పెద్దమ్మ చెయ్యి పట్టుకుని కూర్చున్నారు. పుండు వాసన గదంతా ఉంది, ఆయన ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకోలేదు. కాసేపటికి పెద్దమ్మే అడిగింది.

"అయ్యగారూ, నా విశ్వాసం ఎక్కడ తగ్గిందండీ?"

ఆయన వెంటనే జవాబు చెప్పలేదు.

"తగ్గలేదమ్మా. మరెందుకో నాకు తెలీదు. మా ఇంటావిడ పోయినప్పుడు నేనూ అడిగాను ప్రభువుని. ఇంకా అడుగుతూనే ఉన్నాను."

పెద్దమ్మ కళ్ళు మూసుకుంది. కళ్ళ కొసల్లోంచి నీళ్ళు చెవుల్లోకి జారాయి. అయ్యగారు ప్రార్థన చేస్తారేమోనని మేం తలలు వంచాం. ఆయన ముందుకు వంగి, "నొప్పి మాత్ర వేసుకున్నావా తల్లీ?" అని అడిగారు.

ఆమె గుమ్మం వైపు చూసింది. తర్వాత దిండు పక్కనున్న బైబిల్ దగ్గరికి లాక్కుని, పట్టపగలు, మా అందరి ముందూ జిప్పు తీసింది. అయ్యగారు ఆ షీటు తడుముకుని ఒక మాత్ర నొక్కి తీసి, ఆమె అరచేతిలో పెట్టి, నీళ్ళ గ్లాసు కోసం నా వైపు చెయ్యి చాపారు.